డయాలసిస్ వార్డులో గుండె మాట

అనంతపురంలో నేను చూడబోయిన డయాలసిస్ వార్డులో మంచాలకన్నా ముందు కంటపడేది తలుపు పక్కనున్న కాటా. వచ్చినవాళ్లు వచ్చినట్టు చెప్పులు విడిచి దానిమీద నిలబడతారు. టెక్నీషియన్ ఆ బరువులోంచి వాళ్ల డ్రై వెయిట్, అంటే అదనపు నీరు లేనప్పటి బరువు, తీసేసి, మిగిలిందెంతో కేస్‌షీట్‌లో రాసుకుంటాడు. పోయినసారి డయాలసిస్ నుంచి ఈరోజు దాకా ఒంట్లో చేరిన నీరంతా ఆ మిగులే. యాభై కిలోల మనిషికి అది రెండు కిలోలు దాటకుండా ఉంటే మంచిది. ఆ వరసలో ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్లూ ఉంటారు. బడికెళ్లే వయసులోనే కిడ్నీలు పోయినవాళ్లు ఎత్తు పెరగక, వయసుకన్నా చిన్నగా కనిపిస్తారు. ముంజేతి మీద తాడులా ఉబ్బిన ఫిస్టులాను వేలితో తాకితే జుమ్మని అదురుతుంది. ధమనిలోంచి నేరుగా సిరలోకి మళ్లిన ఆ రక్తాన్ని కూడా గుండే అదనంగా మోయాలి. వీళ్లను చూసి అందరూ కిడ్నీ గురించే అడుగుతారు, క్రియాటినిన్ ఎంతుందంటారు. కానీ వీళ్ల ప్రాణానికి పెద్ద ముప్పు గుండె నుంచే వస్తుంది. దాన్ని తగ్గించే పని డయాలసిస్ మంచం మీద కాదు, బాల్యంలోనే మొదలుకావాలి.

ఇది ఊహ కాదు. 2000లో అమెరికాలో డయాలసిస్ మీదున్న పిల్లలకూ యువకులకూ గుండె రక్తనాళాలు స్కాన్ చేసి చూశారు. ఇరవై ఏళ్లలోపు 23 మందిలో ఒక్కరికీ నాళాల్లో క్యాల్షియం పేరుకోలేదు. ఇరవై నుంచి ముప్పై ఏళ్ల మధ్య 16 మందిలో 14 మందికి పేరుకుంది. అంటే చెడుపు జరిగేది సరిగ్గా మనం 'ఇంకా చిన్నవాడే కదా' అనుకునే ఏళ్లలోనే. నెదర్లాండ్స్‌లో 1972, 1992 మధ్య బాల్యంలోనే కిడ్నీలు పోయిన 249 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, చనిపోయినవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువమందిని తీసుకుపోయింది గుండె, రక్తనాళాల జబ్బులే. కుర్రవాళ్లకు గుండెజబ్బేమిటి, కొలెస్ట్రాల్ లేదు, పొగ తాగరు కదా అని అడగవచ్చు. ఇది ఆ తరహా జబ్బు కాదు. కిడ్నీ బయటికి పంపలేని ఫాస్ఫరస్ రక్తంలో పెరిగితే, నాళాల గోడల్లోని కండర కణాలు ఎముక కణాల్లా ప్రవర్తించి క్యాల్షియాన్ని పేర్చుకుంటాయి. బిరుసెక్కిన నాళంలోకి రక్తం తోయడానికి గుండెలోని ఎడమ జఠరిక మందమవుతుంది. మందమైన గుండె లయ తప్పడం తేలిక. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి ఇచ్చే క్యాల్షియం మాత్రలు ఎక్కువ మింగినవాళ్లలో ఈ పేరుకోవడం ఎక్కువగా కనిపించిందని ఆ అమెరికా పరిశీలనే చెప్పింది కాబట్టి, మందును కూడా కొలిచే వాడాలి.

అనంతపురం ఎండలో గుండె కష్టానికి ఒంట్లో చేరే నీటితో ఇంకో ముడి పడుతుంది. ఒక్కొక్కరికి నాలుగు గంటల డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు కావాలి. మంచం మీదున్న మనిషికి మాత్రం రోజుకు లీటరు లోపే తాగమని చెబుతారు. నలభై డిగ్రీల మే నెలలో ఆ మాట పాటించడం ఎవరికైనా నరకమే. నా మటుకు నాకు, ముందు చెప్పాల్సింది నీళ్ల గురించి కాదు, ఉప్పు గురించి. ఒంట్లో చేరిన తొమ్మిది గ్రాముల ఉప్పు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ లీటరు తాగేదాకా దాహం వదలదు. రాగి సంగటిలోకి ఊరుబిండి, మజ్జిగలో ఉప్పు, పక్కన ఊరగాయ ఉన్న కంచం ముందు కూర్చోబెట్టి 'నీళ్లు తాగొద్దు' అనడం అన్యాయం. వంట చేసే అమ్మతో మాట్లాడకుండా రోగిని తప్పుపట్టి లాభం లేదు.

డయాలసిస్ దొరకడమే గగనమైన చోట గుండె పరీక్షలు విలాసం కదా అన్న అభ్యంతరం బలమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ ఉచితంగా అందుతోంది, నెలకు 10,000 రూపాయల పింఛనూ ఉంది. అయినా మడకశిర వైపు పల్లె నుంచో రాయదుర్గం వైపు నుంచో బస్సెక్కేవాళ్లకు కూలి పోతుంది, తోడొచ్చే మనిషి కూలీ పోతుంది. వారానికి మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్ కాస్తా రెండుసార్లవుతుంది. రెండు రోజుల విరామం తర్వాతి రోజున మరణాలు ఎక్కువని 2011లో అమెరికాలో వేల మంది రికార్డులు చూసి తేల్చారు. కాబట్టి దగ్గర్లో మంచం, బస్సు ఖర్చు కూడా గుండె వైద్యంలో భాగాలే. నేనడుగుతున్నది యాంజియోగ్రామ్‌లు కాదు, బాల్యంలోనే బీపీ కొలిచి అదుపులో ఉంచడం. కిడ్నీ మార్పిడి జరిగితే చాలదా అంటే, గుండెకు దానికి మించిన మేలు లేదు, నిజమే. కానీ పేరుకున్న క్యాల్షియం కరగదు, మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లు బీపీని మళ్లీ పెంచుతాయి. మార్పిడి దాకా గుండె నిలబడాలి కూడా.

బాల్యంలో ఏం చేయాలో యూరప్‌లో కిడ్నీ జబ్బున్న 385 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష 2009లో చూపించింది. బీపీని మామూలుకన్నా గట్టిగా అదుపులో ఉంచినవాళ్లలో ఐదేళ్లలో కిడ్నీ బాగా దెబ్బతిన్నది 30 శాతానికి. మామూలు అదుపులో ఉన్నవాళ్లలో 42 శాతానికి. గుండెను కాచే పనే కిడ్నీనీ కాచిందన్నమాట. మన బడులకూ అంగన్‌వాడీలకూ 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వెళ్తున్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీమళ్లీ వచ్చే పిల్లవాడికి, ముఖం ఉబ్బే పాపకు ఆ బృందం బీపీ చూడాలి. పెద్దల పట్టీ చిన్న చేతికి చుడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, ఉన్న జబ్బు లేనట్టు కాగితం మీద పడుతుంది. ప్రతి బృందం సంచిలో పిల్లల కొలత పట్టీలు, ఎత్తునుబట్టి వయసునుబట్టి బీపీ ఎంతుండాలో చెప్పే పట్టిక ఉండాలి.