మిరమోంటి వాలుపై ఒక రాత్రి

ఉత్తర ఇటలీలోని త్రెంతో నగరం నుండి పడమరగా సాగే రహదారి, ద్రాక్షతోటలను, సరస్సులను దాటి రెందేనా లోయలో ప్రవేశిస్తుంది. లోయ ఎగువభాగాన పింజోలో అనే చిన్న ఊరు. అక్కడి సాన్ విజీలియో చర్చి వెలుపలి గోడపై సిమోనె బస్కెనిస్ అనే చిత్రకారుడు 1539లో రచించిన మృత్యునృత్యం నేటికీ నిలిచి ఉన్నది. పోపు మొదలు బిచ్చగాని వరకు ఎవరినీ విడువక, ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క అస్థిపంజరం నిలిచిన చిత్రమది. శీతకాలంలో వచ్చే యాత్రికులలో దీని కోసం ఆగేవారు తక్కువ. వారి తొందరంతా ఇంకా పైన, 1,500 మీటర్లకు మించిన ఎత్తున ఉన్న మదొన్నా ది కంపీలియో కోసం.

మధ్యయుగాలలో అదొక సత్రం మాత్రమే. కొండదారిన పోయేవారికి తలదాచుకొనే చోటు. పందొమ్మిదవ శతాబ్దంలో సత్రం హోటలుగా మారింది. ఆనాడు ఈ సీమ ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోనిది కాబట్టి ఎలిజబెత్ మహారాణి 1889లో ఇక్కడికి విడిదికి వచ్చింది. ఆమె భర్త ఫ్రాంజ్ జోసఫ్ చక్రవర్తి కూడా తరువాత ఈ ఊరు చూశాడు. ఏలికలు మారినా రాచమర్యాదల జ్ఞాపకం పోలేదు. ఏటా ఒక ఉత్సవంలో ఊరివారు ఆనాటి దుస్తులు ధరించి నాట్యం చేస్తారు. తూర్పున బ్రెంతా శిఖరాలు. అస్తమయవేళ ఆ సున్నపురాళ్ళు మొదట గులాబీవన్నెకు, పిదప ఊదావన్నెకు తిరుగుతాయి. చీకటి పడిన తరువాత మాత్రం ఊరివారు చూపేది ఆ శిఖరాలను కాదు, ఊరికి ఆనుకొని ఉన్న ఒక నిటారు మంచువాలును. దాని పేరు కనలోనె మిరమోంటి.

వాలు పొడవు గొప్పది కాదు. మొదటి నుండి చివరికి దిగే ఎత్తు 180 మీటర్లు. అయితే ఒకచోట వాలు 60 శాతం. అనగా అడ్డంగా 100 మీటర్లు సాగేసరికి 60 మీటర్లు కిందికి దిగవలసిందే. ఎర్రని, నీలని కర్రల నడుమ మెలికలు తిరుగుతూ జారే స్లాలోమ్ పందెం ఇక్కడ విద్యుద్దీపాల వెలుగులో జరుగుతుంది. స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ తన మొట్టమొదటి ప్రపంచకప్ విజయాన్ని 1974 డిసెంబరులో ఈ ఊళ్ళోనే సాధించాడు. పందెగాడు ఒక్కొక్క పరుగును నిమిషానికి అటూ ఇటూగా ముగిస్తాడు. దానికోసం వేలాదిమంది చలిలో గంటల తరబడి నిలబడతారు.

2015 డిసెంబరు 22 రాత్రి కూడా అట్లే నిలబడ్డారు. రెండవ పరుగులో ఆస్ట్రియా వీరుడు మార్సెల్ హిర్షర్ దిగుతున్నాడు. అప్పటికే వరుసగా నాలుగుసార్లు ప్రపంచకప్ సమగ్ర విజేత. అతనికి పైగా, వెనుకగా టెలివిజన్ ప్రసారం కోసం కెమెరా మోస్తూ ఒక డ్రోన్ ఎగురుతున్నది. అది హఠాత్తుగా రాయిలా పడింది. పడిన చోటు సరిగ్గా అతని వెనుక. రెప్పపాటు ముందుగా పడినట్లయితే అతని వీపు మీదనే పడి ఉండేది. యంత్రం ముక్కలై మంచుమీద చెల్లాచెదురైనప్పుడు అతడు తరువాతి కర్రను చుట్టి వెళ్ళుతూనే ఉన్నాడు. జరిగినదేమిటో అతడు గ్రహించింది పందెం ముగిసిన తరువాతనే. టెలివిజన్ చూస్తున్నవారికి అతనికంటె ముందే తెలిసింది. ఆ రాత్రి నార్వేకు చెందిన హెన్రిక్ క్రిస్టోఫర్‌సన్ ప్రథముడు, హిర్షర్ ద్వితీయుడు. ఇటలీలో ఆకాశయానం రద్దీగా ఉన్నదని హిర్షర్ తరువాత పరిహాసమాడాడు.

నిర్వాహకులు పరిహాసమాడే స్థితిలో లేరు. డ్రోన్ పందెపు బాటకు వెలుపలనే ఎగరాలని, పందెగానికి 15 మీటర్ల దూరం పాటించాలని ముందుగానే షరతు. చోదకుడు దానిని ఉల్లంఘించాడని అంతర్జాతీయ స్కీ సమాఖ్య పక్షం. నియంత్రణ తరంగాలకు బయటినుండి బలమైన అంతరాయం కలిగిందని, అదుపు తప్పకముందే యంత్రాన్ని వీలైనంత కిందికి దింపి ధ్వంసం చేయబూనాడని ప్రసార సంస్థ పక్షం. ఎవరి మాట ఎంతవరకు నిజమైనా, రెండవ వాదంలోని సాంకేతిక విషయం కొట్టిపారవేయదగినది కాదు. డ్రోన్‌కు పగ్గం రేడియో తరంగమే. పోటీ జరిగే చోట వేలాది సెల్‌ఫోన్లు, ప్రసారశకటాలు, వాకీటాకీలు అదే గాలిలో మాట్లాడుతుంటాయి. ఖాళీ మైదానంలో చక్కగా విధేయత చూపిన యంత్రం జాతరలో చెవిటిదైపోవచ్చు. దీనికి తోడు చలి; మంచుప్రదేశాలలో లిథియం బ్యాటరీల సత్తువ త్వరగా తరుగుతుంది.

మరి ఇంత అపాయాన్ని ఎందుకు కొనితెచ్చుకోవడం? దూరం నుండి చూసే పెద్ద కటకం లోతును చదును చేస్తుంది. కనలోనె మిరమోంటి అంతటి నిటారు వాలు కూడా తెరమీద పల్లపు వీధిలా కనిపిస్తుంది. మనిషి వెంట ఎగిరే కన్ను ఒక్కటే ఆ పతనాన్ని చూపగలదు. 2014లో సోచీ శీతకాల ఒలింపిక్స్‌లో ఆ రుచి మరిగిన ప్రసారకర్తల కోరికను కేవలం ఆడంబరమనడం న్యాయం కాదు. అయితే ప్రేక్షకుని కనుల పండుగకు పూచీ పడుతున్నది ఎవరు? వెనుదిరిగి చూసే అవకాశం లేని పందెగాడు.

సమాఖ్య డ్రోన్లను వెంటనే నిషేధించింది. తీగలపై నడిచే కెమెరాలే క్షేమమని అనుకున్నవారికి ఆ భరోసా కూడా మిగలలేదు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్ పార్కులో తీగ తెగి కెమెరా పడి ఏడుగురు గాయపడ్డారు. 2017 ఫిబ్రవరిలో స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్‌లో ప్రపంచ పోటీల నడుమ విన్యాసాలు చేస్తున్న సైనిక విమానం కెమెరా తీగను తెంచివేయగా, కెమెరా ముగింపు రేఖ వద్ద పడింది. అదృష్టవశాత్తు అక్కడ ఎవరికీ దెబ్బ తగలలేదు.

నిషేధం శాశ్వతం కాలేదు. యంత్రాలు చిన్నవై, తేలికై, కళ్ళజోడు ధరించిన చోదకుని చేతిలో పిచ్చుకల్లా మెసలడం నేర్చుకొన్నాయి. ఐరోపా సమాఖ్య ఉమ్మడి నియమాలు 2020 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చాయి. సాధారణ తరగతి డ్రోన్లు జనసమూహాల మీదుగా ఎగరరాదన్నది వాటిలో ఒకటి. మన దేశంలోనూ క్రికెట్ ప్రసారాలకు డ్రోన్లను వాడుకొనే అనుమతిని 2021లో షరతులతోనే ఇచ్చారు. 2026 ఫిబ్రవరిలో మిలానో-కోర్టీనా ఒలింపిక్స్ జరిగినప్పుడు, కంపీలియోకు తూర్పున అవే డోలమైట్ పర్వతాలలోని కోర్టీనాలో, ఈ చిన్న డ్రోన్లు పందెగాళ్ళ వెన్నంటి ఎగిరాయి. చిత్రాలు అద్భుతమన్నవారున్నారు, తుమ్మెదల రొద భరించలేకపోయామన్నవారూ ఉన్నారు.

కంపీలియోలో పందెం కొనసాగుతూనే ఉన్నది. ఆ సాయంత్రం వాలు మీద దీపాలు వెలుగుతాయి. కింద నిలిచిన జనం మెడలు ఎత్తి చూస్తారు, మొదట పందెగాని కోసం, ఆపైన అతని తలమీది ఆకాశం కోసం.