కాటిసీనుకి సెట్టింగు దేనికి?

నూకాలమ్మ జాతర రోజుల్లో మా అనకాపల్లి చుట్టుపక్కల ఎక్కడైనా హరిశ్చంద్ర నాటకం ఉందంటే ఇప్పటికీ కాళ్లు అటే లాగుతాయి. అదే కథతో 1965లో వచ్చిన సినిమా పెడితే మాత్రం సగంలో లేచిపోతాను. ఏం తక్కువ దానికి? విజయా వారి డబ్బు, ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి, ఎన్టీఆర్, ఎస్.వరలక్ష్మి. అయినా ఆడలేదు. అదే ఏడాది రాజ్‌కుమార్‌తో వచ్చిన కన్నడ హరిశ్చంద్ర మాత్రం విరగబడి ఆడింది. రెండింటికీ సంగీతం మన పెండ్యాలే!

నా లెక్క ఏంటంటే, మనవాళ్లు అప్పటికే బలిజేపల్లి వారి నాటకంలో కాటిసీను చూసేశారు. సినిమాలో పద్యం ఒక్కసారే వస్తుంది, పోతుంది. నాటకంలో ‘వన్స్‌మోర్’ అంటే హరిశ్చంద్రుడు మళ్లీ ఎత్తుకుంటాడు, ఈసారి రాగం ఇంకాస్త సాగదీస్తాడు. మధ్యలో జాషువా గారి శ్మశాన పద్యాలు దూరిపోతాయి, ఎవరి నాటకంలో ఎవరి పద్యమని అడిగేవాడుండడు. తెల్లారిపోతుంది, నిజమే. చంద్రమతి మైకు కీచుమంటుంది, అదీ నిజమే.

ఈమధ్య మళ్లీ నాటకాలు కడుతున్న కుర్రాళ్లతో నాకొకటే పేచీ: హార్మోనియం మీద కీబోర్డు మోత ఎక్కించేస్తున్నారు. పద్యానికి రీరికార్డింగు దేనికి బాబూ?