అనుమానమంతా ఆ ఒక్క ట్యూబు మీదే

మంగుమచ్చలతో వచ్చినవాళ్లకి నేను చీటీలో నాలుగు మందులు రాస్తే మూడింటి గురించి ఎవరూ నోరు మెదపరు. రాత్రిపూట రాసే క్రీము కొన్నాళ్లు మండుతుందని నేనే ముందుగా హెచ్చరించినా "సరే మేడమ్" అని తలూపుతారు. నాలుగోది సన్‌స్క్రీన్. ఆ పేరు వినగానే కుర్చీలో ముందుకి జరుగుతారు. "ఇందులో కెమికల్సు ఉంటాయంట కదా?" "రోజూ రాస్తే కేన్సర్ వస్తుందంట." "డి విటమిన్ పడిపోతుందంట." గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో సన్‌స్క్రీన్ అంటే ఏమిటో చెప్పడానికే నా టైమంతా పోయేది. ఇప్పుడు అది విషం కాదని చెప్పడానికి పోతోంది.

అడగడం తప్పని నేననను. ముఖానికి రోజూ రాసుకునేదాని గురించి నాలుగు మాటలు కనుక్కోవడం మంచి అలవాటే. ఆ అలవాటు ఈ ఒక్క ట్యూబు దగ్గరే పుట్టి ఇక్కడే ఆగిపోతుంది చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

"ఇన్నాళ్లూ ముఖానికి ఏం రాశారమ్మా?" అంటే చేతిసంచీలోంచి ఇంకో ట్యూబు బయటికొస్తుంది. కింద నుంచి మూతి దాకా చుట్టచుట్టి ఆఖరి చుక్క వరకూ పిండేసి ఉంటుంది. మెడికల్ షాపులో ఇచ్చారనో, పక్కింటావిడ వాడి తెల్లబడిందనో, పెళ్లికి ముందు పార్లర్‌లో చెప్పారనో అంటారు. దాని మీద చిన్న అక్షరాల్లో మూడు పేర్లుంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. మూడోది స్టిరాయిడ్. అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు 1975లో చెప్పిన మిశ్రమానికి ఇది వారసురాలు. డాక్టరు కనిపెట్టుకుని ఉండగా కొద్ది వారాలు వాడి ఆపేయాల్సిన మందు. మనవాళ్లు స్నోలాగా, పౌడరు కింద, ఏళ్ల తరబడి రాస్తారు.

మొదటి పదిహేను రోజులూ అద్భుతమే. మచ్చ పలచబడుతుంది, ముఖం మెరుస్తుంది, చుట్టాలు "ఏం రాస్తున్నావే" అని అడుగుతారు. ఆ తర్వాత చర్మం పల్చనై ఎర్రటి నరాలు తేలతాయి. గడ్డం దగ్గర వెంట్రుకలు, బుగ్గల మీద మొటిమలు. పొయ్యి దగ్గరికెళ్తే ముఖం భగ్గుమంటుంది. ఆపితే మరీ మండుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. "ఆపుదామనే అనుకున్నాను మేడమ్, ఆపనివ్వలేదు" అని ఒక టీచరు గారు నాతో అన్నారు. అది క్రీము గురించి చెప్పిన మాటంటే ఎవరూ నమ్మరు. చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. షాపు కౌంటరు మీద దాని ప్రభావం ఎంతో నా దగ్గరికొచ్చే ముఖాలే చెబుతాయి.

ఊరూ పేరూ సరిగా లేని తెల్లబరిచే క్రీముల సంగతి ఇంకా ఘోరం. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021–23 మధ్య ఒకే రకం కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లని ఆరా తీస్తే, చాలామంది ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకునేవాళ్లని తేలింది. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. ఈ వార్త మా వెయిటింగ్ హాల్లో కూర్చున్న ఏ ఫోనుకీ చేరినట్టు లేదు.

మూడేళ్లు స్టిరాయిడ్ రాసిన మనిషి నన్ను జింక్ ఆక్సైడ్ గురించి నిలదీస్తుంది. చెమటకాయలకి మీ అమ్మ రాసిన గులాబీ రంగు కాలమిన్ లోషన్‌లో ఉండేదీ జింక్ ఆక్సైడేనమ్మా అంటాను. ఆ గులాబీ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది. మంగు ఉన్నవాళ్లకి నేను రంగు కలిసిన సన్‌స్క్రీన్ రాసేది అందుకోసమే. మన చామనఛాయ చర్మంలో మచ్చని ముదర పెట్టేది అతినీలలోహిత కిరణాలు ఒక్కటే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా. దాన్ని అడ్డుకునే పని ఐరన్ ఆక్సైడ్ చేస్తుంది.

"నేనసలు ఎండలోకే వెళ్లను మేడమ్" అనేది ఇంకో మాట. డాబా మీద వడియాలు పెట్టింది ఎవరు? మిరపకాయలు ఎండబోసి, కోతులు రాకుండా కాపలా కూర్చుంది ఎవరు? స్కూలు బస్సు కోసం రోజూ గేటు ముందు నిలబడేది ఎవరు? కాసేపటికి నవ్వుతారు. మంగుకి గర్భం, హార్మోన్లు, తల్లి నుంచి వచ్చిన వారసత్వం, అన్నీ కారణాలే. వాటిని మనం మార్చలేం. మన చేతిలో ఉన్నది వెలుతురొక్కటే. పైగా వేడికీ అతినీలలోహిత కిరణాలకీ సంబంధం లేదు. రెంటచింతలలో మే నెల ఎండకి భయపడి కిటికీ పక్కన ఏసీలో కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది గానీ, పొడుగు తరంగాల యూవీ-ఏ అద్దంలోంచి వస్తూనే ఉంటుంది.

వాడేవాళ్లు వాడే తీరు ఇంకో కథ. "మూడో నెల మేడమ్, ఇంకా సగం ఉంది" అని ట్యూబు ఎత్తి చూపిస్తుంది ఒకమ్మాయి, పొదుపుకి మెచ్చుకుంటానని. ముఖానికీ మెడకీ రెండు వేళ్ల పొడవునా పిండి, మధ్యాహ్నం మళ్లీ రాస్తే యాభై గ్రాములు మూడు వారాలకి మించి రాకూడదు. డబ్బా మీద వేసే ఎస్పీఎఫ్ అంకె, చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పట్టించి కొలిచింది. మనవాళ్లు పోపులో ఇంగువలా వేసి, పని చేయలేదంటారు. ఎస్పీఎఫ్ 30 సరిగా రాస్తే చర్మాన్ని కాల్చే యూవీ-బీ కిరణాల్లో 97 శాతం దాకా ఆగుతాయి, 50కి 98. ఆ ఒక్క శాతం కోసం ఇంకో మూడొందలు పెట్టకండి, చెయ్యి కాస్త ధారాళం చేసుకోండి చాలు.

ఇక అమెరికా పిల్లల ఫోన్లు. "మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ బ్యాన్ చేశారంట" అన్నారు బ్యాంకులో రిటైరైన ఒకాయన. హవాయిలో, కిరణాల్ని ఆపే రెండు రకాల రసాయన ఫిల్టర్లున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 నుంచి ఆపిన మాట నిజమే. సముద్రంలో పగడపు దిబ్బలు పాడవుతాయన్న భయంతో ఆపారు, మనుషులు పాడవుతారని కాదు. గుంటూరు కాలవల్లో పగడాలు పెరుగుతుంటే నేనూ ఆలోచించేదాన్నే. ఇంకొకటి, రక్తంలోకి ఇంకుతుందన్నది. అదీ పూర్తిగా పుకారు కాదు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లే 2019లో, 2020లో ఆ పరీక్షల ఫలితాలు బయటపెట్టారు. ఒంట్లో ముప్పాతిక భాగానికి, రోజుకి నాలుగేసి సార్లు పట్టించి చూస్తే, కొన్ని రసాయన ఫిల్టర్లు రక్తంలో కనిపించాయి. ఇంకా పరిశోధించాలన్నారు, వాడకం మానొద్దని కూడా అన్నారు. మనదాకా వచ్చేసరికి రెండో సగం రాలిపోయింది. అంత బెంగ ఉంటే జింక్, టైటానియం ఉన్నవి వాడండి. వాటి మీద ఆ సంస్థకి కూడా పేచీ లేదు.

డి విటమిన్ సంగతి తిరుపతి వైద్యులని అడగాలి. 2007లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో ఊళ్లలో ఎండలో తిరిగేవాళ్లకీ, పట్నం వాళ్లకీ, ఇద్దరికీ లోపం కనిపించింది. ఆ పల్లెల్లో సన్‌స్క్రీన్ ముఖం ఎవరు చూశారు?

అన్నిటికంటే నన్ను ఏడిపించేది 'నేచురల్' వైద్యం. కెమికల్సు వద్దని సన్‌స్క్రీన్ పారేసి, నిమ్మరసం రాసుకుని స్కూటీ మీద కాలేజీకెళ్లిన అమ్మాయి, బుగ్గల మీద చారలు చారలుగా కాలి వచ్చింది. నిమ్మలో ఉండే ఫ్యూరోకూమరిన్లు ఎండ తగలగానే చర్మాన్ని కాలుస్తాయి. బొల్లికి వాడే బావంచాల్లో ఉండేదీ ఆ జాతి పదార్థమే. ఆ నల్లచారలు పోవడానికి నెలలు పట్టింది. "నిమ్మకాయ ఇంట్లోదే కదా మేడమ్" అంది, నేనేదో నిమ్మకాయని అవమానించినట్టు.

నేను సన్‌స్క్రీన్ ఏజెంటుని కాను. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి నాలుగున్నరేళ్లు రోజూ రాయించి చూస్తే ఒక రకం చర్మ కేన్సర్ 40 శాతం దాకా తగ్గింది. కానీ అది తెల్లచర్మాల లెక్క. మన రంగే మనకి చాలావరకు కాపలా, చర్మ కేన్సర్ మనలో అరుదు. మిరపకోతకెళ్లే ఆడవాళ్లకి నేను ట్యూబు రాయను. తలగుడ్డ, పైన మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, వాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే సరైనది. చున్నీతో ముఖమంతా చుట్టుకుని కళ్లు మాత్రమే కనిపించేలా స్కూటీ నడిపే పిల్లల్ని చూసి ఊరు నవ్వుతుంది గానీ, నాకు ముచ్చటేస్తుంది.

ఆ కాపలా లేకుండా పుట్టినవాళ్లుంటారు. వాళ్ల విషయంలో ఈ పుకార్లు నాకు నవ్వు తెప్పించవు.

పల్నాడు నుంచి ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. ఐదేళ్లు. తెల్లటి జుట్టు, గులాబీ రంగు చర్మం, వెలుగు చూడలేక ముడుచుకుపోయిన కళ్లు. అల్బినిజం. తల్లిదండ్రులది మేనరికం. నాయనమ్మ రోజూ వాణ్ణి అరుగు మీద ఎండలో కూర్చోబెట్టేదట, ఎండ తగిలితే రంగొస్తుందని. ఆమె ప్రేమని ఏమనగలను? వాడి ఒంట్లో రంగు తయారవ్వదని, ఎండ వాడికి శత్రువని, టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ జీవితాంతం ఉండాలని తండ్రికి చెప్పాను. ఒక ట్యూబు కొన్నారు. అది అయ్యేలోపు ఎవరో బంధువు, "ఆ క్రీములు రాస్తే పెద్దయ్యాక కేన్సరొస్తుంది" అన్నాడట.

మళ్లీ నేను చూసేసరికి వాడికి మీసాలొచ్చాయి, అవీ తెల్లనివే. రోడ్డు పక్క టీకొట్లో పని. చెవి వెనక మానని పుండు. సెగ్గడ్డ అనుకుని ఆకుపసరు కట్టారు, ఏదో ఆయింట్‌మెంటు రాశారు. ముక్క తీసి పరీక్షకి పంపాం. స్క్వేమస్ సెల్ కార్సినోమా. చెవిలో సగం, మెడలో గడ్డలు తీశారు. తొడ చర్మం తెచ్చి అతికారు. రేడియేషన్ ఇచ్చారు. బతికాడు.

"అప్పుడే చెప్పుంటే రాసుకునేవాణ్ణి కదా మేడమ్" అన్నాడు. నేను వాళ్ల నాన్న వైపు చూడలేదు. తల్లి వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, "ఆ మందు మానిపించబట్టే వచ్చిందా డాక్టరమ్మా?" అని అడిగింది. "రంగు లేకపోవడం వల్ల వచ్చిందమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

టాంజానియాలో మోషీ అనే ఊళ్లో, చర్మవైద్యం నేర్పే కేంద్రంలోనే, అల్బినిజం ఉన్నవాళ్ల కోసం సన్‌స్క్రీన్ తయారు చేసి ఊరికే పంచుతారు. మన చట్టం లెక్కలో అది సౌందర్య సాధనం, స్నో పౌడర్ల సరసన ఉంటుంది. ఆ అబ్బాయి ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఖర్చు పెట్టింది. టీకొట్టు జీతంలోంచి నెలనెలా ట్యూబులు కొనుక్కోవడం మాత్రం వాడి తంటా. మందుల కంపెనీల కుర్రాళ్లు ఇచ్చే శాంపిల్ ట్యూబులన్నీ అందుకే ఒక సొరుగులో వాడి కోసం వేస్తుంటాను. ముఖానికి, చేతులకి, మిగిలిన చెవికి రెండు వేళ్ల లెక్కన పట్టిస్తాడు, నా పేషెంట్లలో అంత ధారాళంగా రాసేవాళ్లు ఇంకొకరు లేరు. మొన్న వచ్చి ఉన్నవన్నీ సంచీలో వేసుకుని, "ఎండలు ముదురుతున్నాయి మేడమ్, ఇంకో నాలుగు అడిగి పెట్టండి" అన్నాడు.