పేరు కొట్టించిన గిన్నె

ఈమధ్య పెళ్లికి వెళ్లి భోంచేసి బయటికొస్తుంటే గుమ్మం దగ్గర చేతిలో ఓ సంచీ పెడుతున్నారు. ఇంటికొచ్చి విప్పితే బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ పళ్లెం, దాని మధ్యలో మొహం సరిగ్గా తేలని లక్ష్మీదేవి. అందులో అన్నం తినలేం, పూలు పెడితే జారిపోతాయి, పారేద్దామంటే దేవుడి బొమ్మ. బీరువా పైకి ఎక్కించాను. అక్కడ అప్పటికే బోలెడు వినాయకులూ తాబేళ్లూ ఉన్నాయి. ఏది ఎవరి పెళ్లిలో వచ్చిందో చెప్పమంటే ఒక్కదానికీ చెప్పలేను. నా చిరాకంతా అక్కడే. ఇచ్చినవాళ్లు గుర్తుకురాని దాన్ని కానుక అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఒకప్పుడు స్టీలు సామాన్ల కొట్లో గిన్నె బేరం కుదరగానే కొట్టువాడు అడిగే మొదటి ప్రశ్న, "పేరు కొట్టాలాండీ?" కాగితం మీద రాసిస్తే, మూలన కూర్చున్న కుర్రాడు గిన్నెను ఒళ్లో పెట్టుకుని చేతిమిషనుతో జుయ్యిమంటూ చుక్కలు చుక్కలుగా అక్షరాలు దింపేవాడు. మిషను రాకముందు చిన్న ఉలీ సుత్తీతోనే ఈ పని. గ్లాసు మీద చోటు చాలదు కనక "చి.ల.సౌ." దగ్గరే సగం అంచు అయిపోయేది. మిగతా సగంలో పెళ్లికూతురి పేరు, ఇచ్చినవారి ఇంటిపేరులో మొదటి అక్షరం, తేదీ ఇరుక్కునేవి. తప్పులు తప్పేవి కావు. మా ఇంట్లో ఓ పళ్లెం మీద ఇప్పటికీ "వివహ కానుక" అనే ఉంది.

పేరుండటం వల్ల లాభం ఏమిటంటే, పక్కింటికి కూరతో వెళ్లిన గిన్నె దారితప్పదు. ఊళ్లో తద్దినాలకూ నోములకూ పది ఇళ్ల సామాను కలిసిపోయినా, సాయంత్రానికి ఎవరిది వాళ్లకు చేరిపోయేది. అంతకంటే నాకు నచ్చేది మరొకటుంది. మా అమ్మ నోట గిన్నెలకు కొలతలు ఉండేవి కావు, చుట్టరికాలు ఉండేవి. "రాజమండ్రి పిన్ని గిన్నెలో పెరుగు తోడుపెట్టు", "అత్తయ్య డబ్బాలో కందిపప్పు తియ్యి" అనేది. పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చి పెద్దమామయ్యతో రాకపోకలు ఆగిపోయాక కూడా, మా నాన్న పొద్దున్నే ఇడ్లీ తినేది ఆయన చదివించిన పళ్లెంలోనే. దాన్ని మార్చమని నాన్న అనలేదు, అమ్మ మార్చలేదు.

చదివింపులంటే గుర్తొచ్చింది. పీటల పక్కన ఓ పెద్దాయన పుస్తకం పెట్టుకుని, ఫలానావారు నూట పదహార్లు అని పైకి చదివితే పందిరంతా వినేది. కొందరికి అది మొహమాటం. నాకు మాత్రం, రూపాయి బిళ్ల అతికించిన కవరును గుట్టుగా చేతిలో కుక్కడం కంటే అదే మర్యాదగా తోస్తుంది. ఆ పుస్తకాన్ని ఇంట్లో దస్తావేజులతో పాటు దాచేవారు. వాళ్లింట పెళ్లి వచ్చినప్పుడు తీసి చూసి, అంతకు తగ్గకుండా పెట్టేవారు.

ఇంత చెప్పాక మరచెంబు సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మా నాయనమ్మకు పుట్టింటివారు పెట్టిన ఇత్తడి మరచెంబు అది. మూతకు లోపల మరలు, బిగిస్తే చుక్క నీరు కారదు. రైల్లో బయటి నీళ్లు ముట్టని మనిషి కావడం వల్ల ఆవిడతో పాటు కాశీ దాకా వెళ్లొచ్చింది. మెడ కింద ఆవిడ పేరు, ఊరి పేరు ఉలితో కొట్టి ఉండేవి. చింతపండుతో తోమినరోజు ఆ అక్షరాల సందుల్లో మాత్రం నల్లగా మిగిలేది. ఇంట్లో మిగతా ఇత్తడికి కళాయి పెట్టించడం పెద్ద తతంగం. కళాయివాడు రావాలి, కొలిమి ఊదాలి, తగరం కరగాలి, నవాసాగరం పొగకు అందరూ దగ్గాలి. స్టీలుకు ఆ బాదరబందీ లేదు. అందుకే బిందెలూ గంగాళాలూ బరువుకు అమ్మేస్తే నేనేమీ అనను. కానీ మరచెంబులో పులుసు కాచరు కదా! దానికి కళాయి ఎందుకు? మా బాబాయి ఒకాయన దాన్ని తూకం వేయించి, బదులుగా గదులున్న స్టీలు పళ్లెం తెచ్చాడు. ఆ పళ్లెం మీద తన పేరు కొట్టించుకున్నాడు కూడా. ఆయనంటే నాకు గౌరవమే. ఆ పళ్లెంలో మాత్రం ఇంతవరకు చెయ్యి పెట్టలేదు.

ఇప్పుడు నన్నెవరైనా పెళ్లికి ఏమిమ్మంటావని అడిగితే ఏటికొప్పాక కుంకుమభరిణె అంటాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డు ఊరు అది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. చెట్ల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. భరిణె మూత తీస్తే టప్పుమని చిన్న చప్పుడు. రోజూ స్నానమయ్యాక చెయ్యి దాని మీదికి వెళ్లాల్సిందే కనక బీరువా ఎక్కే ప్రమాదం లేదు.

ఆ ఊరి లక్కపిడతలతోనే మేం బొమ్మల పెళ్లిళ్లకు వంటలు చేసేవాళ్లం. అటుకులు అన్నం, బెల్లం ముక్క పాయసం, చదివింపులకు చింతగింజలు. పెళ్లికూతురు మాది, కొండపల్లి బొమ్మ. పొణికి కర్ర కదా, ఎత్తుకుంటే బరువే తెలిసేది కాదు. పెళ్లికొడుకు ఎదురింటివాళ్ల చెక్కబొమ్మ, ముక్కు విరిగింది. తాళి కట్టడం దాకా అంతా సవ్యంగానే జరిగింది. పెళ్లయ్యాక పిల్ల అత్తారింట్లోనే ఉండాలని వాళ్లు, ఆట అయిపోయింది ఇచ్చెయ్యమని మేము. పెద్దవాళ్లు నవ్వుతూ వాళ్ల పక్షమే మాట్లాడారు. సారె కూడా పెట్టించారు, నిజం మినపసున్ని! బొమ్మ మాత్రం తిరిగి రాలేదు. వాళ్లిప్పుడు కాకినాడలో ఉంటున్నారట.