ట్రాక్టరు వాడి కారు

పల్నాటి మిరప చేలలో పెరిగినవాడు ఇటలీ దేశపు కారును గురించి వ్రాయడమేమిటని మీలో కొందరైనా నవ్వుకుంటారు. ఆ కారును నేను కంటితో చూడలేదు. మా ఊరి డొంకదారిలో అది పది గజాలైనా నడవదు. అయినా వ్రాయక తప్పని కారణం ఒకటున్నది.

కిందటి వేసవిలో దుక్కులు మొదలయ్యే వేళకు మా ట్రాక్టరు క్లచ్ ప్లేటు పోయింది. కాడెడ్లను అమ్మి, పైన అప్పు చేసి, నాన్న సెకండ్‌హాండులో కొన్న బండి అది. ట్రాక్టరుకు క్లచ్ ప్లేటు మార్చటమంటే సైకిలు చైను ఎక్కించటం కాదు. ఇంజను ఒక వైపు, గేరుబాక్సు ఒక వైపు, బండిని నడుము దగ్గర రెండు ముక్కలుగా విడదీయాలి. మెకానిక్కు, నాన్న, నేను రెండు రోజులు అదే పని. మూడోనాడు హాస్టలు చేరాను. ఎంత తోమినా గోళ్ళలో గ్రీజు వదల్లేదు.

“చేతులేంట్రా అట్లా ఉన్నాయి?” అన్నాడు రూమ్మేటు.

“ల్యాబులో ఏదో అంటుకుంది” అన్నాను.

సెలవుల్లో ల్యాబు ఎక్కడిది? వాడు మరి అడగలేదు. నేనూ మరి చెప్పలేదు. వాడి మంచం పైన గోడకు నారింజ రంగు కారు బొమ్మ ఒకటి ఉండేది. మాట మార్చటానికి అదేమిటని అడిగాను. “లంబోర్గిని మియురా. దీన్ని చేసినాయన ముందు ట్రాక్టర్లు చేసేవాడంట, చూడు!” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మాత్రం గొంతు దిగలేదు. మర్నాటి నుంచి లైబ్రరీలోనూ బయటా దొరికినంత మేర ఆ మనిషిని గురించి చదివాను.

ఫెర్రుచ్చో లంబోర్గిని 1916లో ఉత్తర ఇటలీలో చెంతో పట్టణం దగ్గర రెనాజ్జో అనే పల్లెలో పుట్టాడు. తల్లిదండ్రులు ద్రాక్ష పండించే రైతులు. పిల్లవాడికి పంటకంటె పనిముట్ల మీద మనసు. రెండవ ప్రపంచ యుద్ధంలో వైమానిక దళం తరఫున రోడ్స్ ద్వీపంలో మెకానిక్కుగా పనిచేశాడు. యుద్ధం ముగిసి ఇల్లు చేరేసరికి పొలాలున్నవి, దున్నే యంత్రాలు చాలవు. సైన్యాలు వదిలేసిన బండ్ల సామాను మాత్రం కావలసినంత ఉన్నది. ఆ పాత సామానుతోనే ట్రాక్టర్లు కట్టాడు. పెట్రోలు ఖరీదు గనుక, ఇంజనును పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక చవకైన డీజిలుకు మార్చే ఏర్పాటు కనిపెట్టాడు. 1948లో ట్రాక్టరు కంపెనీ పెట్టాడు. పదేళ్ళు తిరిగేసరికి ధనవంతుడై ఫెరారీ కార్లు కొనే స్థితికి వచ్చాడు.

కొన్న కారు క్లచ్ మాటిమాటికీ పోయేదట. విప్పి చూస్తే తన ట్రాక్టర్లకు వేసే క్లచ్ లాంటిదే! ఆ మాట చెప్పబోతే, ట్రాక్టర్లు తోలేవాడికి కార్ల సంగతేం తెలుసునని ఎంజో ఫెరారీ కొట్టిపారేశాడని ఆయనే చెప్పుకొన్న కథ. అందులో నిజమెంతో, కల్పన ఎంతో గాని, 1963లో సాంత్ అగాతా బొలొన్యేసే అనే ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీ పెట్టిన మాట వాస్తవం.

మన వయసువాళ్ళు గమనించదగిన సంగతి మరొకటున్నది. మియురాను రూపొందించిన ఇంజనీర్లు జాన్ పావులో దల్లారా, పావులో స్టాంజాని, నడిపి పరీక్షించిన న్యూజిలాండు యువకుడు బాబ్ వాలస్, బెర్తోనే సంస్థలో పైరూపం గీసిన మార్చెల్లో గాండిని, వీరిలో ఎవరికీ అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. 1965 నవంబరులో ట్యూరిన్ ప్రదర్శనలో ఒట్టి చాసీని మాత్రమే పెట్టారు. బరువు తగ్గటానికి ఒళ్ళంతా రంధ్రాలు చేసిన ఉక్కు చట్రం అది. 1966 మార్చిలో జెనీవాలో పూర్తి కారును చూపారు. ఆ రోజుకు ఇంజను అందులో ఇమడక, దాని బదులు బరువులు పెట్టి మూత తాళం వేశారని చెప్పుకుంటారు. ప్రాక్టికల్ పరీక్ష ముందు రాత్రి మన అవస్థ ఇంకెట్లా ఉంటుంది!

ఇక ఫిజిక్సు. కావడి భుజాన పెట్టుకొని గిరుక్కున తిరగబోయినవారికి ఇది అనుభవమే. బిందెలు రెండు కొసలా వేలాడుతుంటే తిరగటం కష్టం, తిరిగాక ఆగటం ఇంకా కష్టం. అవే బిందెలను ఒంటికి హత్తుకుంటే తేలిక. బరువు మారలేదు, అది ఉన్న దూరం మారింది. దూరం రెట్టింపైతే జడత్వ భ్రామకం నాలుగు రెట్లు. కారులో ఎక్కువ బరువు ఇంజనుది. దానిని ముందు కొసన గాక, సీట్లకు వెనక, వెనక ఇరుసుకు ముందు పెడితే మలుపులో బండి చప్పున మాట వింటుంది. రేసు కార్లలో ఈ పద్ధతి అప్పటికే స్థిరపడింది.

కాని బిజ్జరీని రూపొందించిన వి-12 ఇంజను పొడుగైనది. ఆరేసి చొప్పున రెండు వరుసల సిలిండర్లు, 3,929 ఘన సెంటీమీటర్లు. సీట్ల వెనక నిలువుగా పెడితే కారు బారెడవుతుంది. 1959లో వచ్చిన మినీ అనే చిన్న బ్రిటిషు కారులో ఇంజనును అడ్డంగా పెట్టి, గేరుబాక్సును దాని కిందనే, అదే ఆయిలులో తిరిగేట్లు అమర్చారు. దల్లారా బృందం ఆ ఉపాయాన్ని పన్నెండు సిలిండర్లకు వర్తింపజేసింది. ఇంజను అడ్డంగా, దాని వెనకనే గేర్లు, అంతా ఒకే పోతలో. 350 హార్స్‌పవరు, గంటకు 270 కిలోమీటర్లు దాటే వేగం!

లోపాలు లేవా? చాలా ఉన్నవి. ఒకే ఆయిలు గనుక గేర్ల నుంచి రాలిన లోహపు పొడి ఇంజనుకు చేటు. చివర వచ్చిన ఎస్.వి. రకం కార్లలో కొన్నిటికి ఆయిలు వేరు చేశారు. బండి ఆగి ఇంజను ఊరికే తిరిగేటప్పుడు కార్బురేటర్లలో పెట్రోలు పొంగి మంటలంటుకున్న సందర్భాలూ ఉన్నవి. పెట్రోలు ట్యాంకు ముందు భాగాన ఉండటంతో, అది ఖాళీ అయ్యేకొద్దీ అతివేగంలో ముందు చక్రాలు నేలను వదులుగా పట్టేవి. ఇది చదివి నాకు మా ఎడ్లబండి గుర్తుకొచ్చింది. బస్తాలు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాడు ఎద్దు గొంతు నొక్కుతుంది. “బరువు ఎంతని కాదురా, ఎక్కడ పెట్టావని చూసుకో” అనేవాడు నాన్న, బస్తా ఇటునుంచి అటు జరిపిస్తూ. ద్రవ్యరాశి కేంద్రమనే మాట ఆయనకు తెలియదు. నాకు తెలుసు, కాని బండి కట్టటం ఆయనకున్నంత బాగా రాదు.

1973 వరకు సుమారు 760 మియురాలు తయారైనవి. అప్పటికే ట్రాక్టర్ల వ్యాపారం దెబ్బతిన్నది. ఫెర్రుచ్చో దానిని అమ్మేశాడు. కార్ల కంపెనీలో తన వాటాలను 1972లో కొంత, 1974లో మిగతా వదులుకొని, ఉంబ్రియాలో ద్రాక్షతోట వేసుకున్నాడు. అక్కడ తీసిన ద్రాక్షసారాయికి ‘మియురా రక్తం’ అని పేరు పెట్టాడు. 1993లో చనిపోయాడు.

ఈ కథ ఫోనులో నాన్నకు చెప్పాను. అంతా విని, “ట్రాక్టర్లు కూడా అమ్మేశాడా!” అన్నాడు. కాసేపు మాట లేదు. “పోనీలే, తోటన్నా మిగిలింది గదా” అన్నాడు. మా బండి మీద అప్పు ఇంకా తీరలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

రైతు కొడుకులందరూ ఫెర్రుచ్చోలు కాలేరు. నేనూ కాను. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి వెళ్తానో, ఊరికి వెళ్తానో ఇంకా తేలలేదు. ఒక్క పని మాత్రం చేశాను. మొన్న రాత్రి రూమ్మేటును లేపి, “ఆ రోజు గోళ్ళలో ఉన్నది మా ట్రాక్టరు గ్రీజురా, అబద్ధమాడాను” అన్నాను. వాడు నవ్వుతాడనుకున్నాను. లేచి కూర్చుని, “రెండు ముక్కలు చేశారు సరే, మళ్ళీ ఎట్లా కలిపారు?” అని అడిగాడు.

చెప్పటం మొదలుపెట్టాను. తెల్లవారిందని మెస్సు గంట మోగితే గాని మాకు తెలియలేదు.