లూర్దు నీళ్లు, తూలూజ్ ఇటుకలు

యాత్రల గురించి రాసేవాళ్లు సాధారణంగా జమ వైపు మాత్రమే చూపిస్తారు. కోట బాగుంది, చర్చి బాగుంది, ఊరు శుభ్రంగా ఉంది అని. నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఆరేళ్లు బిల్లులు చూసినవాణ్ణి. ఏ వస్తువు చూసినా దీనికి ఖర్చెంత, ఎవరు పెట్టారు అని అడగడం అలవాటు. రిటైరైనా అది పోలేదు.

2025 మే, జూన్ నెలల్లో నేనూ మా ఆవిడా దక్షిణ ఫ్రాన్సులోని ఒక్సితానీ ప్రాంతంలో ఉన్నాం. మా అబ్బాయి తూలూజ్ నగరంలో విమానాల ఇంజనీరు. మీలో కూడా పిల్లలు అటువైపు ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి, అక్కడ ఏం చూడవచ్చో నాకు తోచిన పద్ధతిలో చెబుతాను.

తూలూజ్‌ని గులాబీ నగరం అంటారు. చుట్టుపక్కల మంచి రాయి దొరకదు గనక గరోన్ నది మట్టితో ఇటుకలు కాల్చి ఊరంతా కట్టుకున్నారు. సాయంత్రం ఎండ పడితే నిజంగానే గులాబీ రంగు. నగరపాలక భవనం కాపితోల్, పాత సెన్ సెర్నాన్ చర్చి అందరూ చూస్తారు. మీరు వెళితే ఫిలాతియే వీధిలో 50వ నంబరు ఇల్లు కూడా చూడండి. గోడకు ఒక పలక తప్ప విశేషమేమీ ఉండదు. ఝాన్ కలాస్ అనే బట్టల వర్తకుడి ఇల్లది.

కలాస్ ప్రొటెస్టెంటు. ఊరంతా కేథలిక్కులు. 1761 అక్టోబరు 13 రాత్రి ఆయన 28 ఏళ్ల కొడుకు కింద కొట్టులో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని వీధుల్లో ఈడ్చే రోజులవి. ఆ భయంతో ఇంటివాళ్లు మొదట ఎవరో చంపారన్నారు. ఇంతలో వాకిట్లో గుమిగూడిన జనంలో ఎవరో, కొడుకు కేథలిక్ మతంలోకి మారబోతుంటే తండ్రే చంపేశాడని అరిచారు. సాక్ష్యం లేదు, చూసినవాడు లేడు. పుకారే ఫిర్యాదు అయింది, ఫిర్యాదే తీర్పు అయింది. 1762 మార్చి 10న సెన్ జార్జ్ చౌరస్తాలో ఆయన్ని చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. చివరి దాకా ఆయన నేను చెయ్యలేదనే అన్నాడు. ఇప్పుడు ఆ చౌరస్తా నిండా కాఫీ హోటళ్ల కుర్చీలు.

ఈ సంగతి తెలిసి వోల్టేర్ చేసిన పని నాకు ఆడిట్ లాగే కనిపిస్తుంది. కాగితాలు తెప్పించుకున్నాడు, మనుషుల్ని విచారించాడు, వకీళ్లను పెట్టాడు. అరవై దాటిన ముసలివాడు బలంగా ఉన్న కుర్రాణ్ణి ఒంటరిగా ఎలా ఉరి తీయగలడని అడిగాడు. 1763లో మత సహనం మీద పుస్తకం అచ్చు వేశాడు. 1765 మార్చి 9న పాత తీర్పు చెల్లదన్నారు, కుటుంబానికి రాజు డబ్బు ఇచ్చాడు. మనిషి మాత్రం తిరిగి రాలేదు.

అదే వీధిలోంచి దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే కోర్టు పక్కన సాలాన్ చౌరస్తా వస్తుంది. 1619 ఫిబ్రవరి 9న ఇటలీ తత్వవేత్త వనీనీని నాస్తికుడన్న నేరం మీద అక్కడ నాలుక కోసి, గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. అతనికి అప్పుడు 34 ఏళ్లు. ఆ అరుగు మీద కూర్చుంటే నాకు పుణె గుర్తొచ్చింది. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు ఉన్న ఊరది. 2013 ఆగస్టు 20న పొద్దున నడకకు బయల్దేరిన నరేంద్ర దభోల్కర్‌ని అక్కడే కాల్చి చంపారు. 1619 అక్కడివాళ్లకు చరిత్ర పాఠం. మనకింకా అంత దూరం కాలేదు. చేతబడి చేశాడన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన వార్త చదివినప్పుడల్లా అది కలాస్ కేసే కదా అనిపిస్తుంది. పేర్లు వేరు, పుకారు ఒకటే.

తూలూజ్ నుంచి రైల్లో గంట దూరంలో అల్బీ. పదమూడో శతాబ్దంలో ఈ ప్రాంతంలో కథార్లనే క్రైస్తవులు ఉండేవారు. ఈ భౌతిక ప్రపంచం చెడ్డ శక్తి సృష్టి అని వాళ్ల నమ్మకం. వాళ్లను తుడిచిపెట్టడానికి 1209 నుంచి 1229 దాకా పోప్ ఆశీస్సులతో జరిగిన యుద్ధానికి ఈ ఊరి పేరే పెట్టారు. 1244లో మోసెగ్యూర్ కొండ కింద ఒక్కరోజులో రెండు వందల మందికి పైగా తగలబెట్టారు. ఆ తర్వాత, 1282లో మొదలుపెట్టారు అల్బీ కెథడ్రల్. చర్చిలా ఉండదు, ఖిల్లాలా ఉంటుంది. అంత ఎత్తు ఇటుక గోడలు దేవుడి కోసం కాదు, ఊరి జనానికి భయం చెప్పడానికే అనిపిస్తుంది.

లోపల పడమటి గోడ మీద అంతిమ తీర్పు చిత్రం ఉంది. పదిహేనో శతాబ్దం చివరిది, చాలా గొప్ప పని. సమాధుల్లోంచి లేచిన మనుషులు తమ జీవితపు పుస్తకాన్ని తెరిచి మెడకు తగిలించుకుని నిలబడతారు. అకౌంటెంటుకి ఇంతకన్నా ఏం కావాలి! 1693లో వెనక ఒక చిన్న ప్రార్థనా మందిరానికి దారి కావాలని ఆ గోడను మధ్యలో కొట్టేశారు. దాంతో తీర్పు చెప్పవలసిన క్రీస్తు బొమ్మే పోయింది. ఏడు మహాపాపాల శిక్షల్లో సోమరితనానిది కూడా పోయి ఆరే మిగిలాయి. ఖాతాలున్నాయి, ముద్దాయిలున్నారు, జడ్జీ లేడు. ఇన్నేళ్లుగా ఆ చర్చి అలాగే నడుస్తోంది.

ఆ ప్రాంతంలో నాకు పూర్తిగా జమ వైపే కనిపించింది మిదీ కాలువ. రికే అనే ఉప్పు పన్ను వసూలుదారు 1666లో మొదలుపెట్టాడు. తూలూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్లు. మధ్యలో మెరక ఉంది, కాలువ దాన్ని దాటాలంటే పైన ఏడాది పొడుగునా నీళ్లుండాలి. అందుకని నల్లకొండల వాగుల్ని మళ్లించి సెన్ ఫెరెయోల్ దగ్గర చెరువు కట్టి, అక్కణ్ణించి మెరక మీదకు నీరు తెచ్చాడు. సొంత డబ్బు కూడా పెట్టాడు. 1680లో పోయాడు, 1681లో కాలువ తెరిచారు. కర్కసోన్ కోట ఈ కాలువ మీదే ఉన్న ఊళ్లో ఉంది. రెండు వరసల గోడలు, 52 బురుజులు. ఇవాళ మనం చూసే రూపంలో చాలా భాగం 1853 నుంచి వియొలే ల్ ద్యూక్ చేయించిన మరమ్మతు. పాతదెంత, కొత్తదెంత అని అడిగి చూడండి.

ఇక లూర్దు. గుణదల మేరీమాత ఉత్సవాలు ఫిబ్రవరి 11 ప్రాంతంలో ఎందుకు జరుగుతాయో చాలామందికి తెలుసు. 1858లో ఆ తేదీన, 14 ఏళ్ల పేద పిల్ల బెర్నదెత్ తనకు లూర్దు గుహలో ఒక స్త్రీ కనిపించిందని చెప్పింది. మా ఆఫీసులో పాతికేళ్లు నాతో పనిచేసిన మిత్రుడిది గుంటూరు జిల్లా కేథలిక్ కుటుంబం. ఆయన భార్యకు కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు డయాలసిస్. మేం బయల్దేరే ముందు ఆయన ఫోన్ చేసి, "గురూగారూ, మీ సంగతి తెలుసు. అయినా అడుగుతున్నాను, లూర్దు నీళ్లు ఒక సీసా తెస్తారా?" అన్నాడు.

లెక్క చెబుతాను. 1883 నుంచి అక్కడ వైద్యుల కార్యాలయం ఉంది. మాకు నయమైందని నమోదు చేసుకున్నవి ఏడు వేలకు పైగా. చర్చి అద్భుతమని ఒప్పుకున్నవి 2025 నాటికి 72. అంటే నూటికి ఒకటి. చర్చి అంత కఠినంగా వడపోస్తుందని మనమూ ఒప్పుకోవాలి. కానీ నయం కాకుండా ఇంటికెళ్లిన లక్షల మందికి ఆ పుస్తకంలో పద్దే లేదు. ఖర్చు వైపు రాయని పుస్తకాన్ని ఏ ఆడిటరూ పాస్ చెయ్యడు. ఆ 72లో తెగిన కాలు మొలిచిన కేసు ఒక్కటీ లేదు. బెర్నదెత్ కూడా 35 ఏళ్లకే క్షయతో పోయింది.

అయితే నేను చూసింది ఇంకొకటి ఉంది. నీలం గుడ్డ కప్పిన మూడు చక్రాల బళ్లలో రోగుల్ని కూర్చోబెట్టి, సొంత ఖర్చులతో వచ్చిన వాలంటీర్లు లాగుతారు. రోగులకే ముందు దారి, వాళ్లకే ముందు వరస. మన దగ్గర కదల్లేని మనిషిని ఇంట్లోంచి బయటకు తీసుకురావడానికే సిగ్గుపడతాం. మా ఆవిడ గుహ రాతిని తాకి దణ్ణం పెట్టుకుంది. "శనివారం వెంకన్నకి పెడతావు, ఇదేమిటి?" అంటే "ఏ తల్లయితేనేం" అంది.

కుళాయిల్లో నీళ్లు ఉచితం, బజార్లో సీసాకే డబ్బు. మేరీమాత ఆకారంలో, నీలం కిరీటం మూతగా ఉన్న సీసా కొని పట్టి తెచ్చాను. మా సంఘం మిత్రులు కొందరికి ఇది నచ్చలేదు. నువ్వే తెస్తే ఇంకెవరికి చెబుతావన్నారు. నా జవాబు ఇది. హేతువాదం అంటే ప్రశ్నించే హక్కు, అవతలివాడి చేతిలోంచి సీసా లాక్కునే హక్కు కాదు. 1905 చట్టం తర్వాత ఫ్రాన్సు ప్రభుత్వం మతాలకు జీతాలివ్వడం మానేసింది, పూజలను ఆపలేదు. అల్బీ కెథడ్రల్ ప్రభుత్వ ఆస్తి, ప్రార్థనలూ జరుగుతున్నాయి. వనీనీని చంపిన ఊరికి నాలుగు వందల ఏళ్లలో తెలిసొచ్చింది అదే.

కానీ నిజం దాచి ఇవ్వలేదు. "ఇది మామూలు ఊట నీరు. డాక్టరు రోజుకింత అన్న కొలతలోనే ఇదీ లెక్క. డయాలసిస్ ఒక్క రోజు కూడా మానకూడదు" అని చెప్పి చేతికిచ్చాను. "నాకు తెలీదా గురూగారూ, ఆవిడ అడిగింది, అంతే" అన్నాడు.

ఆవిడకు కావలసింది కిడ్నీ. జీవన్‌దాన్ జాబితాలో పేరుంది. పోయినవాళ్ల అవయవాలు ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే ఆ జాబితా కదులుతుంది. నేనూ మా ఆవిడా కిందటి నెలలో ప్రతిజ్ఞా పత్రం నింపాం, పిల్లలకు ఫోన్ చేసి చెప్పాం. మీరూ నింపండి. నింపి ఊరుకోకుండా ఇంట్లో చెప్పండి, ఎందుకంటే ఆఖరున సంతకం పెట్టాల్సింది వాళ్లే.