ముందు వచ్చిందెవరు?

బాలలూ, హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే పెద్ద రోడ్డు మీద కామారెడ్డి ఉన్నది. అక్కడ బస్సెక్కి పడమరగా సుమారు 40 కిలోమీటర్లు పోతే, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరవచ్చు. దారి పొడుగునా వరిమళ్ళు, మక్కచేలు, మధ్యమధ్య అడవి.

ఈ దారి మీద ఒక లెక్క వేద్దాం. ఒక బస్సు కామారెడ్డిలో 8 గంటలకు బయలుదేరి, 9 గంటల 10 నిమిషాలకు ఎల్లారెడ్డి చేరిందనుకోండి. రెండో బస్సు 8 గంటల 10 నిమిషాలకు బయలుదేరి, 9 గంటల 15 నిమిషాలకు చేరింది. ఎల్లారెడ్డి బస్టాండులో నిలబడి చూసినవాడు మొదటి బస్సే గెలిచిందంటాడు. కాని దానికి 70 నిమిషాలు పట్టింది, రెండోదానికి 65 నిమిషాలే! కామారెడ్డిలో గడియారం చూసినవాణ్ణి కూడా అడిగితే గాని నిజం తేలదు.

కారు పందేల చరిత్ర రాసేవారికి అచ్చంగా ఇదే పని. తొలి రోజుల్లో కార్లను ఒకదాని తరువాత ఒకటిగా వదిలేవారు. అందుచేత కళ్ళతో చూస్తే చాలదు, కాలం లెక్క చూడాలి. ఒక్కొక్కప్పుడు అదీ చాలదు.

1895లో ఫ్రాన్సు దేశంలో ప్యారిస్ నుంచి బోర్డో నగరానికి పోయి, తిరిగి రావటానికి పందెం పెట్టారు. దూరం 1178 కిలోమీటర్లు. అంటే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఇంచుమించు 15 సార్లు పోయి వచ్చినంత! ఎమీల్ లెవసార్ అనే ఆయన 48 గంటల 48 నిమిషాలలో అందరికన్న ముందు వచ్చాడు. కాని మొదటి బహుమతి నలుగురు కూర్చునే కారుకే అని నియమం. లెవసార్ కారులో ఇద్దరికే చోటు. బహుమతి, ఆయన వెనుక దాదాపు 11 గంటలకు వచ్చిన కెక్లాన్‌కు దక్కింది. తరువాత 1907లో ప్యారిస్‌లో లెవసార్‌కు స్మారక శిల్పం వెలిసింది. చరిత్ర రాసేవాడు ఈ రెండూ చెప్పాలి. ఒకటి విడిస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

అది పాతకాలపు మాట అనుకునేరు! 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. వెర్న్ గెలిచాడు, కాసిడీ రెండోవాడు. మూడోవాడుగా గీత దాటినది బ్యూమీ. అయితే ఆయన కారు అనుమతించిన హద్దు మించి విద్యుత్తు వాడినందుకు శిక్ష పడి, మూడో స్థానం డా కోస్టాకు వచ్చింది. గీత దగ్గర చూసి ఇంటికి పోయినవారు బ్యూమీ పేరే చెప్పవచ్చు. వారు అబద్ధమాడటం లేదు. వారు చూసిన తరువాత కథ ఇంకా నడిచింది, అంతే.

పాత కాగితాలు వెదికేటప్పుడు ఊళ్ళ సంగతీ తెలియాలి. కామారెడ్డి మీదుగా పోయే పెద్ద రోడ్డు నేడు 44వ నంబరు జాతీయ రహదారి. పాత పుస్తకాలలో అదే 7వ నంబరు! కామారెడ్డి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకు ముందటి సంగతులకు నిజామాబాదు జిల్లా కాగితాలు చూడాలి.

మీ ఊళ్ళో సైకిలు పందెమో, ఎడ్లబండ్ల పందెమో జరిగితే మీరూ చరిత్ర రాయవచ్చు. తేదీ వేయండి. నియమాలు రాసుకోండి. గెలిచినవాణ్ణే కాదు, ఓడినవాణ్ణీ, గడియారం పట్టినవాణ్ణీ అడగండి. వారి మాటలు కలవకపోతే రెండూ రాయండి. ఎవరికి దక్కవలసిన పేరు వారికి దక్కించటమే చరిత్ర రాసేవాడి ధర్మం.